పలక చేతికొస్తే కదా ఓనమాలు

అక్షరాభ్యాసం నాడు మన పెద్దవాళ్ళు చేసే ఏర్పాటు చూడండి. పళ్ళెంలో బియ్యం పోస్తారు. పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేలు పట్టుకుని దిద్దిస్తారు. ఆ బియ్యం ఏ కొట్లోవి, పళ్ళెం ఇత్తడిదా కంచుదా అన్న విచారం పిల్లవాడికి అక్కర్లేదు. వాడి వంతు వేలు కదపడం ఒక్కటే. మర్నాటి నుంచి పలకా బలపం. ఓనమాలు దిద్దడం కష్టమే కావచ్చు గాని, బడిలో కూర్చోనిచ్చిన పిల్లవాడికి ఓనమాల దాకా చేరడం మాత్రం కష్టం కాదు.

కంప్యూటరుకు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుందామనుకునే వాడి సంగతి అలా లేదు. తండ్రి అప్పో సప్పో చేసి ల్యాప్‌టాప్ కొనిస్తాడు. కుర్రవాడు పుస్తకం తెరుస్తాడు. మొదటి పాఠం చాలా చిన్నది: తెర మీద ఒక పలకరింపు మాట కనిపించేలా చెయ్యమంటుంది. రాయాల్సింది ఒక్కటంటే ఒక్క వాక్యం. అయితే ఆ వాక్యం ఎక్కడ రాయాలి? ముందు ఫలానా భాష తాలూకు సరంజామా ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలట. అందులో నాలుగు రకాలున్నాయి, ఏది మనదో తెలియదు. రాయడానికి వేరే ఎడిటరు కావాలట. ఆ ఎడిటరుకు మళ్ళీ తోకలు తగిలించాలట. అన్నీ అయ్యాక మీట నొక్కితే, ‘ఆ పేరుగల ఆజ్ఞ ఏదీ నేనెరగను’ అని యంత్రం ఎర్రక్షరాల్లో మొహం తిప్పుకుంటుంది. ఆదిలోనే హంసపాదు! మూడు సాయంత్రాలు ఇలా గడిచాక కుర్రవాడు ఒక నిర్ణయానికొస్తాడు. యంత్రం బాగోలేదని కాదు, పుస్తకం బాగోలేదనీ కాదు. ‘ఇది నాకు రాదు’ అని. ఇంకా ఒక్క ఓనమా కూడా దిద్దకుండానే!

నిజానికి ఈ సంగతి ఆ విద్యలో పెద్దలకు తెలియనిదేమీ కాదు. సి భాషకు మూలగ్రంథం లాంటి పుస్తకాన్ని కెర్నిహన్, రిచీ అనే ఇద్దరు 1978లో అచ్చువేశారు. లోకాన్ని పలకరించే ఆ మొదటి ప్రోగ్రామును ఆనవాయితీ చేసింది ఆ పుస్తకమే. మొదటి ప్రోగ్రాములో పెద్ద అడ్డంకి భాష కాదని, దాన్ని ఎక్కడో ఒకచోట రాసి, యంత్రం చేత ఒప్పించి, నడిపించి, జవాబు ఎక్కడ పడిందో వెతికి పట్టుకోవడమేనని అందులో వాళ్ళే చెప్పేశారు. అది దాటితే మిగతాది దానితో పోలిస్తే సులువేనట. ఆ రెండు మాటలూ చెప్పి, వాళ్ళు హాయిగా తర్వాతి పేజీకి వెళ్ళిపోయారు. దాటలేక ఇవతలి గట్టునే ఉండిపోయిన వాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు.

ఈ అడ్డంకికి ఒక చరిత్ర ఉంది. అది ఒకప్పుడు కొండంత ఉండేది. కొందరు పట్టుబట్టి దాన్ని గడపంత చేశారు. ఆ తర్వాత యంత్రాలు బాగుపడిన కొద్దీ అది మళ్ళీ పెరిగింది. వింతగా లేదూ?

1950లలో కంప్యూటరు దగ్గరికి మనిషి వెళ్ళేవాడు కాదు, కార్డులు వెళ్ళేవి. రాసిన ప్రోగ్రామును అట్టకార్డుల మీద చిల్లులుగా పొడిపించి, కట్టకట్టి, అద్దాల గది కిటికీ దగ్గర ఇచ్చి రావాలి. జవాబు ఏ మర్నాటికో. ఒక్క చుక్క తప్పు పడితే మళ్ళీ కార్డు, మళ్ళీ కిటికీ, మళ్ళీ మర్నాడు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో హానోవర్ అనే చిన్న ఊళ్ళో డార్ట్‌మత్ అని ఒక పాత కళాశాల ఉంది. అక్కడి వాళ్ళకు ఆ కిటికీ కూడా లేదు. థామస్ కర్ట్జ్ అనే గణితం మాస్టారు రెండు వారాలకోసారి తోటి అధ్యాపకుల కార్డులన్నీ పెట్టెలో సర్దుకుని, రైలెక్కి, నూరు మైళ్ళ పైచిలుకు ప్రయాణం చేసి, ఎం.ఐ.టి.లో ఉన్న కంప్యూటరుకు సమర్పించి వచ్చేవాడు. మొక్కు తీర్చుకోవడానికి కొండకెళ్ళినట్టే.

ఆ కర్ట్జ్‌కు పై అధికారి జాన్ కెమెనీ. హంగేరీలో పుట్టినవాడు. యుద్ధకాలంలో అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో లెక్కలు చేసినవాడు. ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టీన్‌కు గణిత సహాయకుడిగా ఉన్నవాడు. అంత చదువు చదివిన మనిషి, కంప్యూటరు పండితులకు మాత్రమే అన్న మాట ఒప్పుకోలేదు. సాహిత్యం చదివే కుర్రవాడు, చరిత్ర చదివే కుర్రవాడు కూడా దీని ముందు కూర్చోవాలన్నాడు. రేపు దేశాన్ని నడిపేది వాళ్ళు, వాళ్ళకు ఇదేమిటో తెలియకపోతే ఎలాగ అన్నది అతని వాదన. అందుకు ఇద్దరూ కలిసి రెండు పనులు చేశారు.

ఒకటి, ఒకే యంత్రాన్ని చాలామందికి ఒకేసారి పంచడం. విందులో వడ్డించేవాడు ఒక్కడే అయినా, చురుగ్గా పంక్తి పొడుగునా తిరుగుతూ ప్రతి విస్తట్లోనూ గరిటెడు గరిటెడు వేస్తుంటే ఎవరికి వారికి తమకోసమే వచ్చాడనిపిస్తుంది కదా. ఆ తంత్రమే. కార్డులూ కిటికీలూ పోయి, టెలిప్రింటరు లాంటి యంత్రం ముందు కూర్చుని టైపు చేస్తే క్షణాల్లో జవాబు వచ్చే ఏర్పాటు. రెండోది, బేసిక్ అనే కొత్త భాష. అందులో మాటలన్నీ ఇంగ్లీషు వాచకంలో ఉండే చిన్న మాటలు. లోపలికి రావాలంటే ‘హలో’ అని కొట్టాలి, సెలవు తీసుకోవాలంటే ‘గుడ్‌బై’. నడవాలంటే ‘రన్’. 1964 మే 1న తెల్లవారుజామున నాలుగింటికి కెమెనీ, ఒక విద్యార్థి పక్కపక్కన రెండు యంత్రాల ముందు కూర్చుని ఒకేసారి ‘రన్’ కొట్టారు. ఇద్దరికీ సరైన జవాబు వచ్చింది.

బేసిక్‌ను తర్వాత కాలంలో పండితులు చాలా తిట్టారు. అది నేర్చుకున్న వాడికి చెడు అలవాట్లు పట్టుకుంటాయన్నారు. ఉండొచ్చు. కాని నా దృష్టిలో వాళ్ళ అసలు ఘనత భాషలో లేదు, ఆ ‘హలో’లో ఉంది. కుర్రవాడు కూర్చున్న క్షణానికీ మొదటి వాక్యం రాసే క్షణానికీ మధ్య ఏమీ లేకుండా చేశారు. పలక సిద్ధంగా ఉంచారు. ఆ పలకను పనిచేయించే ప్రోగ్రాములు రాసినవాళ్ళు కూడా చాలావరకు ఆ కళాశాల కుర్రాళ్ళే. కొద్ది ఏళ్ళలో చుట్టుపక్కల ఉన్నత పాఠశాలలు కూడా టెలిఫోను తీగల మీద ఆ యంత్రాన్ని అందుకున్నాయి.

అక్కణ్ణుంచి కథ సూటిగా ముందుకు పోయిందనుకుంటున్నారేమో, లేదు. 1975 జనవరిలో ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ అనే పెట్టె వచ్చింది. సొంతంగా ఇంట్లో పెట్టుకోగల కంప్యూటరు! విడిభాగాల ధర నాలుగువందల డాలర్ల లోపే. జనం వెర్రెత్తిపోయి డబ్బు పంపారు. వచ్చింది ఒక అట్టపెట్టె నిండా సామాను. టంకం పెట్టి మనమే అతికించుకోవాలి. అతికించాక చూస్తే దానికి తెర లేదు, అక్షరాల మీటలు లేవు. ముందు వైపు వరసగా బుడ్డి స్విచ్చులు, మిణుకు మిణుకుమనే దీపాలు. అంతే. ఒక్కో అంకెకూ ఎనిమిది స్విచ్చులు పైకీ కిందకీ వేస్తూ ప్రోగ్రామును ఎక్కించాలి. కరెంటు పోతే చేసిందంతా గంగలో కలిసినట్టే. ఆ ఏడాది కాలిఫోర్నియాలో ఔత్సాహికుల సంఘం ఒకటి సమావేశమైతే, స్టీవ్ డాంపియర్ అనే ఆయన ఓపికగా స్విచ్చులన్నీ వేసుకుంటూ వస్తున్నాడు. ఇంతలో ఎవరి కాలో తగిలి తీగ ఊడింది. పాపం, మళ్ళీ మొదటినుంచీ. చివరికి ఆ యంత్రం పక్కనున్న రేడియోలో గరగర శబ్దాల్నే పాటగా పలికిస్తే, సభంతా లేచి చప్పట్లు కొట్టింది. అలాంటి యంత్రం మీదకే బిల్ గేట్స్, పాల్ అలెన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు బేసిక్‌ను తెచ్చారు. వాళ్ళ కంపెనీ అలా మొదలైంది. అయినా ఆ బేసిక్ రావాలంటే ముందు స్విచ్చులు వేసి, ఆపైన చిల్లుల కాగితపు చుట్టను యంత్రానికి తినిపించాలి. పలక తయారుచేసుకోవడమే ఒక పరిశ్రమ.

మార్పు 1977లో వచ్చింది. ఆ ఒక్క ఏడే ఆపిల్ 2, కొమొడోర్ పెట్, టి.ఆర్.ఎస్. 80 అనే మూడు యంత్రాలు అంగట్లోకి దిగాయి. మూడింటిలోనూ ఉన్న విశేషం ఏమిటంటే, బేసిక్ భాషను చెరగని చిప్పులోకి ఎక్కించి యంత్రంలోనే బిగించేశారు. దింపుకునేది లేదు, ఎక్కించేది లేదు. పెట్, టి.ఆర్.ఎస్. 80లలో అయితే స్విచ్చి వేస్తే చాలు, రెప్పపాటులో తెర మీద ‘సిద్ధం’ అన్న అర్థం వచ్చే మాట, దాని కింద మిణుకుమంటూ ఒక గుర్తు. ‘ఊఁ, చెప్పు నాయనా’ అన్నట్టు. 1982లో వచ్చిన కొమొడోర్ 64 అయితే, ప్రోగ్రాము రాసుకోవడానికి 38911 బైట్ల చోటు ఖాళీగా ఉందని మొదటి క్షణంలోనే లెక్క కూడా చెప్పేది. ఆ అంకె ఇప్పటికీ కంఠతా వచ్చిన నడివయసు మనుషులు యూరపులో, అమెరికాలో బోలెడంతమంది ఉన్నారు.

ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటరు అమర్చుకోవడమంటే ఇంతే: టీవీ వెనక తీగ పెట్టి, రేడియో స్టేషను వెతికినట్టు ఒక ఛానెలు కుదుర్చుకోవడం, రాసింది దాచుకోవడానికి పాటలు వినే టేపు రికార్డరును తగిలించడం. మన క్యాసెట్లే! ప్రోగ్రాములు కీచుకీచుమనే శబ్దాలుగా టేపు మీదకి ఎక్కేవి. మళ్ళీ దింపేటప్పుడు వాల్యూము కాస్త ఎక్కువైనా తక్కువైనా యంత్రానికి అర్థమయ్యేది కాదు. తంటాలు అప్పుడూ ఉన్నాయి, లేవని కాదు. కాని అవి రాసింది దాచుకోవడంలో ఉన్న తంటాలు. రాయడం మొదలెట్టడంలో లేవు. ఈ తేడా పెద్దది. మొదలెట్టిన వాడు పడే తంటా పనిలో భాగం. మొదలెట్టక ముందే పడే తంటా అవమానం.

ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ అనే ఆయన చవకతనానికి పట్టుబట్టాడు. 1981లో అతని జడ్.ఎక్స్. 81 యంత్రం ధర 69 పౌన్ల 95 పెన్నీలు. అందులో జ్ఞాపకం వెయ్యి బైట్ల పైన కాస్త. తెలుగు అక్షరాలను నేటి కంప్యూటర్లు దాచుకునే తీరులో అయితే మీరిప్పుడు చదువుతున్న ఈ పేరా కూడా అందులో పట్టదు. ఆ కాస్త చోటులోనే కుర్రాళ్ళు ఆటలు రాశారు. మర్నాటి ఏడు అతనే స్పెక్ట్రమ్ అనే యంత్రం తెచ్చాడు. దానితో మనకొక చుట్టరికం ఉంది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల హైదరాబాదులో చదువుకునే రోజుల్లో, పదిహేనేళ్ళ వయసప్పుడు, తండ్రి యుగంధర్ గారు బ్యాంకాక్ నుంచి తెచ్చి ఇచ్చింది స్పెక్ట్రమ్‌నే. ఐ.ఎ.ఎస్. అధికారి ఇల్లు కాబట్టి వచ్చింది లెండి. మిగతా హైదరాబాదుకు అప్పటికది గగన కుసుమం. ఆ ఊళ్ళోనే ఇ.సి.ఐ.ఎల్. 1969 నుంచీ టి.డి.సి. 12 మొదలుకొని కంప్యూటర్లు తయారుచేస్తోంది. అవి ప్రయోగశాలలకూ ప్రభుత్వ సంస్థలకూ. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని.

సింక్లెయిర్‌ది వ్యాపారం. అదే సమయంలో ఆ దేశపు రేడియో సంస్థ బి.బి.సి. చేసిన పని వేరే తరహాది. కంప్యూటర్లు రాబోతున్నాయి, మన జనం వెనకబడిపోతారని భయం పుట్టి, దేశానికంతటికీ పాఠం చెప్పాలని తలపెట్టింది. టీవీలో పాఠం చెబితే చాలదు, పాఠంలో చూపించిందే ఇంట్లోనూ ఉండాలి. లేకపోతే వంట కార్యక్రమం చూస్తూ ఖాళీ పొయ్యి ముందు కూర్చున్నట్టుంటుంది. కాబట్టి ఫలానా లక్షణాలతో యంత్రం కావాలని కంపెనీలను అడిగింది. కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే చిన్న కంపెనీ. అధిపతి హెర్మన్ హౌజర్ కొంటెవాడు. వారంలో నమూనా చెయ్యగలమా అని సోఫీ విల్సన్‌ను అడిగితే కుదరదంది. స్టీవ్ ఫర్బర్‌ను అడిగితే అతనూ కుదరదన్నాడు. అప్పుడు హౌజర్ వీళ్ళిద్దరిలో ఒక్కొక్కరికీ, ‘అవతలి మనిషి కుదురుతుందంటున్నారు’ అని చెప్పాడు. పౌరుషం పని చేసింది. సోమవారం మొదలెట్టి, రాత్రీ పగలూ కూర్చుని, శుక్రవారం బి.బి.సి. వాళ్ళు వచ్చే వేళకు యంత్రాన్ని కూర్చోబెట్టారు. 1982 జనవరిలో టీవీ పాఠాలు మొదలయ్యాయి. పన్నెండు వేలు అమ్ముడైతే గొప్పనుకున్న యంత్రం చివరికి పదిహేను లక్షలు పోయింది.

బి.బి.సి. మైక్రోలో నాకు నచ్చే విషయం దాని ‘బ్రేక్’ మీట. పిల్లవాడు ఏ పిచ్చిపని చేసి యంత్రాన్ని బిగుసుకుపోయేలా చేసినా, ఆ మీట నొక్కితే చాలు, మళ్ళీ కొత్తదైపోయేది. చెడగొడతానేమో అన్న భయం లేదు. తడిగుడ్డతో పలక తుడిచినట్టే.

మన ప్రభుత్వం కూడా ఆ యంత్రాన్నే ఎంచుకుంది. 1984–85లో ‘క్లాస్’ అనే పేరుతో 250 ఉన్నత పాఠశాలల్లో బి.బి.సి. మైక్రోలు పెట్టింది. తర్వాత ఆ బడులు రెండువేలు దాటాయి. ఉద్దేశం మంచిదే. కాని పిల్లలు వందలు, యంత్రాలు చేతి వేళ్ళమీద లెక్క. మన దగ్గర కంప్యూటరు గది అంటే చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని వెళ్ళే చోటుగా స్థిరపడింది. పలక అయితే వచ్చింది గాని దాన్ని దేవుడి గదిలో పెట్టాం.

ఇక అడ్డంకి మళ్ళీ ఎలా పెరిగిందో చూద్దాం. ఎవరూ కుట్ర చెయ్యలేదు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లో కూడా చిప్పులో బేసిక్ ఉండేది. కాని ఈ యంత్రాలను కొన్నది ఆఫీసులు. వాళ్ళకు కావలసింది ఉత్తరాలు, పద్దులు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు వేరే, వాడుకునేవాళ్ళు వేరే అయిపోయారు. బొమ్మలూ మౌసూ వచ్చాక, తెర మీద మిణుకుమనే గుర్తు పనికిమాలిన పాతకాలపు వస్తువులా కనిపించింది. ఆ మధ్య విండోస్‌తో పాటు సి.డి.లో మూలన పడి ఉండే క్యూబేసిక్ కూడా కొత్త శతాబ్దం వచ్చేసరికి మాయమైంది. యంత్రం వెయ్యి రెట్లు బలపడింది, అందంగా తయారైంది, కొత్తవాణ్ణి మాత్రం పలకరించడం మానేసింది. 2006లో డేవిడ్ బ్రిన్ అనే అమెరికా రచయిత ఈ సంగతే వ్యాసంగా రాసి గగ్గోలు పెట్టాడు. కొడుకు లెక్కల పుస్తకంలో, చివర్న, బేసిక్‌లో చేసి చూడమని చిన్న అభ్యాసాలున్నాయి. ఇంట్లో ఉన్న మంచి మంచి కంప్యూటర్లలో ఒక్కదానిలోనూ వాటిని చెయ్యడానికి వీల్లేదు. చివరికాయన పాత సామాన్లమ్మే చోట వెతికి ఒక కొమొడోర్ 64 కొన్నాడు.

బ్రిన్ గోల అమెరికాకు కొత్తేమో గాని, మన ఇంజనీరింగు కాలేజీల్లో చదివిన వాళ్ళకు నవ్వొస్తుంది. ఎందుకంటే మనం అప్పటికే ఒక ఉపాయం కనిపెట్టేశాం. టర్బో సి! నీలం తెర, పసుపు అక్షరాలు. బోర్లండ్ కంపెనీ 1990ల మొదట్లో వదిలిన ఆ సామానునే మన కాలేజీలు రెండు దశాబ్దాలకు పైగా పట్టుకు వేలాడాయి. ఎన్ని తరాల పిల్లలు ప్రోగ్రాము చివర ‘గెట్‌చ్’ అని రాయడం మంత్రంలా నేర్చుకున్నారో! అది రాయకపోతే జవాబు మెరుపులా మెరిసి మాయమవుతుంది. ఎందుకో అడిగితే ‘రాయాలంతే’ అనేవారు. లోకంలో భాష ప్రమాణాలు మారిపోయాయి, కొత్త విండోస్ యంత్రాలు ఆ పాత సామానును నడపనే లేమన్నాయి. అప్పుడేం చేశాం? కొత్త యంత్రం లోపల డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాముతో ఒక ఊహాలోకపు పాత యంత్రాన్ని సృష్టించి, దానిలో టర్బో సి పెట్టాం. కారు కొని, అందులో జట్కా బండి ఎక్కి కూర్చున్నట్టు.

నవ్వుకున్నా సరే, ఆ మాస్టార్లను నేను పూర్తిగా తప్పుపట్టను. టర్బో సి ఒక్క ఫోల్డరులో ఇమిడిపోయేది. పెన్‌డ్రైవులో వేసుకెళ్ళి అరవై యంత్రాల్లో అరగంటలో పెట్టొచ్చు. రాసేదీ, నడిపేదీ, తప్పు చూపించేదీ అన్నీ ఒకే తెర మీద. నెట్ అక్కర్లేదు. అదొక తయారుగా ఉన్న పలక. దానికన్నా మంచి పలక వాళ్ళ చేతిలో ఎవరూ పెట్టలేదు. అమీర్‌పేట సందుల్లోని శిక్షణ కేంద్రాల మాట కూడా అంతే. అక్కడ కుర్రాళ్ళు కట్టే ఫీజులో సగం పాఠానికైతే, సగం ‘అన్నీ పెట్టి ఉంచిన’ యంత్రానికీ, ఎర్రక్షరాలు రాగానే ‘ఇలా ఇవ్వు తమ్ముడూ’ అనే పక్క కుర్చీ మనిషికీ అని నా అనుమానం. పల్లెటూళ్ళో ఒంటరిగా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయికి ఆ పక్క కుర్చీ లేదు.

ఇంతకీ ఆ ఎర్రక్షరాల రహస్యం ఏమిటో చెప్పలేదు. ఇవాళ కొత్తవాళ్ళలో ఎక్కువమంది పైథాన్‌తో మొదలెడుతున్నారు. నెదర్లండ్స్‌లో గైడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో మొదలెట్టి, 1991లో బయటపెట్టిన భాష అది. అంతకు ముందు అతను పనిచేసిన ఏ.బి.సి. అనే భాష కొత్తవాళ్ళ కోసమే పుట్టింది. ఆ సుగుణం పైథాన్‌కు వారసత్వంగా వచ్చింది. భాష తేలికే. కాని విండోస్‌లో దాన్ని పెట్టేటప్పుడు అడుగున ఒక చిన్న గడి ఉండేది. దానిలో టిక్కు పెట్టాలి. ఏళ్ళ తరబడి ఆ గడి ఖాళీగానే ఉండేది, దాని అవసరం కొత్తవాడికి తెలియదు. సంగతేమిటంటే, మనం ఒక ప్రోగ్రామును పేరు పెట్టి పిలిస్తే కంప్యూటరు ఇల్లంతా వెతకదు. తన దగ్గర ఒక జాబితా ఉంటుంది. తపాలా బంట్రోతు తన చీటీలో రాసి ఉన్న వీధులే తిరిగినట్టు, ఆ జాబితాలో ఉన్న చోట్లే చూస్తుంది. టిక్కు పెట్టకపోతే పైథాన్ ఉన్న వీధి ఆ చీటీలోకి ఎక్కదు. మనిషి ఇంట్లోనే ఉన్నా ‘చిరునామాదారు లేరు’ అని ఉత్తరం వెనక్కి వస్తుంది. అంతే! ఇది చెప్పడానికి మూడు నిమిషాలు. చెప్పేవాడు లేకనే మూడు సాయంత్రాలు. పైథాన్‌తో పాటే ఐడిల్ అని ఒక చిన్న రాతపలక కూడా వస్తుంది, దాన్ని తెరిచి నేరుగా రాసుకోవచ్చు. పుస్తకాలు చాలామటుకు దాన్ని చిన్నచూపు చూసి, ఉద్యోగాల్లో వాడే పెద్ద ఎడిటర్ల మీదికి కొత్తవాళ్ళను తోలుతున్నాయి. ఓనమాలకు అచ్చు యంత్రం ఎందుకండీ?

బ్రిన్ బాధ పడిన సమయంలోనే కేంబ్రిడ్జిలో ఎబెన్ ఆప్టన్ అనే అధ్యాపకుడికి ఇదే బాధ మరో రూపంలో తగిలింది. కంప్యూటరు చదువుకు వచ్చే పిల్లల్లో ప్రోగ్రాములు రాసి చేతులు కాల్చుకున్న వాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు. బి.బి.సి. మైక్రో మీద పెరిగిన తరం అయిపోయింది మరి. అతనూ మిత్రులూ కలిసి, అరచేతిలో పట్టే రాస్‌బెరీ పై అనే కంప్యూటరును 2012 ఫిబ్రవరి 29న విడుదల చేశారు. ధర 35 డాలర్లు. మొదటి రోజునే అమ్మేవాళ్ళ వెబ్‌సైట్లు తాకిడికి కూలబడ్డాయి. బి.బి.సి. యంత్రాల జ్ఞాపకంగా దీని రకాలకూ ‘మోడల్ ఎ’, ‘మోడల్ బి’ అనే పేర్లు పెట్టారు. ఇంకో విచిత్రం, దాని లోపలి చిప్పు జాతి ఏ.ఆర్.ఎం. అది ఆ విల్సన్, ఫర్బర్ ఇద్దరూ ఏకార్న్‌లో 1985లో పుట్టించిన బిడ్డే. మీ జేబులోని సెల్‌ఫోనులో కూడా దాదాపు ఖాయంగా ఆ జాతి చిప్పే ఉంటుంది.

అయితే ఒక మాట అనక తప్పదు. ఆ 35 డాలర్లలో మీటలు రావు, తెర రాదు, జ్ఞాపకం కార్డు రాదు. అవన్నీ కొంటే మన పిల్లల దగ్గర చవక అన్న మాట నిలవదు. పైగా ఆ కార్డు మీద సరంజామా ఎక్కించడానికి, చాలా ఏళ్ళపాటు, ఇంకో కంప్యూటరు కావలసి వచ్చేది! తర్వాత 2020లో, అన్నీ మీటల పలకలోనే ఇమిడ్చిన రకం తెచ్చారు. దాన్ని చూస్తే 1982 నాటి స్పెక్ట్రమ్ పునర్జన్మలా ఉంటుంది. టీవీకి తగిలించడమే.

మన పక్కన కేరళ ఇంకో దారి తొక్కింది. అక్కడి ప్రభుత్వం 2001లో బడుల్లో కంప్యూటరు చదువు మొదలుపెట్టి, తర్వాత లినక్స్‌కు మళ్ళి, పాఠాలకు కావలసినవన్నీ ముందే పేర్చిన సరంజామాను తానే తయారుచేసి బడులన్నిటికీ పంచింది. అంటే గడిలో టిక్కు ఎక్కడ పెట్టాలన్న పీడ ఒక్కచోట, ఒక్కసారి, తెలిసినవాళ్ళు పడ్డారు. లక్షలమంది పిల్లలు విడివిడిగా పడలేదు. రాసిన కొత్త బేసిక్ ఏదీ లేదు, కనిపెట్టిన చిప్పు ఏదీ లేదు. బియ్యం పళ్ళెంలో పోసి పెట్టారు, అంతే.

ఇప్పుడు సెల్‌ఫోనులో కూడా బ్రౌజరు తెరిచి ప్రోగ్రాము రాసి నడిపే సదుపాయాలున్నాయి. ఏమీ పెట్టుకోనక్కర్లేదు. సిగ్నలు ఉండాలి, ఖాతా ఉండాలి. రెండు వేళ్ళతో చుక్కలూ కుండలీకరణాలూ కొట్టే ఓపిక ఉండాలి. ఒక చిత్రం గమనించారా? ఎక్కడో దూరాన పెద్ద యంత్రం, మన చేతిలో తీగ కొస, అది మనతో పాటు వేలమందికి వడ్డిస్తూ ఉండడం. కెమెనీ, కర్ట్జ్ చేసిన ఏర్పాటే ఇది. అరవై ఏళ్ళ తర్వాత కాస్త వేషం మార్చుకుని వచ్చింది. ‘హలో’ అనడానికి బదులు ఓ.టి.పి. అడుగుతోంది.

కెమెనీ 1992లో పోయాడు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం వాళ్ళు 2019లో, హానోవర్ వెళ్ళే 120వ నంబరు రహదారి పక్కన, బేసిక్ ఇక్కడ పుట్టిందని చెబుతూ చారిత్రక ఫలకం నిలబెట్టారు. యుద్ధాలకూ గవర్నర్లకూ పెట్టే తరహా ఫలకమే. అప్పటికి కర్ట్జ్ బతికే ఉన్నాడు. 2024 నవంబరు 12న, తొంభై ఆరేళ్ళ వయసులో, ఆయనా వెళ్ళిపోయాడు.